అమ్మమ్మ నాదం

మెక్సికోలోని వెరాక్రూస్ రేవు, శనివారం మధ్యాహ్నం. వంటింట్లో తల్లి ఎల్పీదియా అరటిపండు ముక్కలు వేయిస్తోంది. రాజధాని నుంచి బస్సు దిగి వచ్చిన కూతురు హసింత ఆమె వెనకాలే నిలబడింది. పక్క గదిలో మనవరాలి ఉయ్యాల.

“రానన్నానంటే రాను.”

“ఎందుకు రావో అది చెప్పమ్మా. అదొక్కటే అడుగుతున్నా.”

“నూనె చిందుతోంది, అటు జరుగు. కొత్త చొక్కాలా ఉంది.”

“చొక్కా సంగతి వదిలెయ్. మే పదో తారీఖు, అమ్మల పండగ. అంత పెద్ద హాలు తీసుకున్నాం. ఎక్కడెక్కడి తల్లులో పిల్లల్ని చంకనేసుకుని వస్తున్నారు. నువ్వు స్టేజి మీద ఉయ్యాల పక్కన కూర్చుని పాడాలి. మాటలు కూడా అక్కర్లేదు, ఆ కూనిరాగం తీస్తే చాలు. ఆ తర్వాత ఇక నా దగ్గరే ఉండిపోతావు. నీ గది కూడా సర్దేశాను.”

“సర్దేశావా? నన్నడక్కుండానే?”

“కిటికీ ఉన్న గదేలే.”

“నా ఇంటికి నాలుగు కిటికీలున్నాయి. కిటికీ తీస్తే సముద్రం ఉంది.”

“ఆ వేలికి గుడ్డ ఎందుకు కట్టావు?”

“నూనె పడింది. కూర్చో, నిలబడి మాట్లాడకు.”

“అమ్మా, నీకు తెలియట్లేదు. నీ గొంతుతో నేను నెట్‌లో పెట్టిన ‘అమ్మమ్మ నాదం’ ఇప్పుడు నీదీ కాదు, నాదీ కాదు. అర్జెంటీనాలో పిల్లలు కూడా అది పెడితే గానీ పడుకోవట్లేదు. ఒకావిడకి మొగుడు వదిలేసి పోయాక కంటిమీద కునుకు లేదట. నీ గొంతు పెట్టుకున్న మొదటిరోజే గుర్రుపెట్టి పడుకుందట. హీలింగ్ అంటే అదీ.”

“పాపం, మంచిదేగా. వాడు మళ్లీ రాలేదు కదా?”

“ఎవడు?”

“ఆ మొగుడు. వచ్చాడంటే మళ్లీ లేపుతాడు.”

“నీకంతా వేళాకోళమే. ఆ గొంతులో తరతరాల ఆడవాళ్ల బాధ ఉందమ్మా. అది కడుపులోంచి వచ్చే గొంతు, ఆడది తప్ప ఇంకెవరూ తీయలేరు. మగాడి గొంతులో అధికారం ఉంటుంది, అది తగిలితే పసిపిల్లల నరాలు అదిరిపోతాయి. తల్లులకి నేను ఆన్‌లైన్లో చెప్పే ఐదో పాఠం మొత్తం దానిమీదే.”

“అందుకేనా మీ ఆయన గుసగుసలాడుతుంటాడు?”

“రొహేలియో తనంతట తానే ఒప్పుకున్నాడు. సమానత్వం ఇంట్లోంచే మొదలవ్వాలి కదా. పిల్ల దగ్గర గొంతు తగ్గించమన్నా, అంతే.”

“పిల్ల ఇక్కడ నా దగ్గరుంది కదే.”

“అలవాటైపోయింది. ఆఫీసులో కూడా అలాగే మాట్లాడుతున్నాడట. మేనేజరు గొంతు డాక్టరు దగ్గరికి పంపించాడు.”

“ఏమన్నాడు డాక్టరు?”

“ఏమంటాడు, ఈయన చెప్పేది ఆయనకి వినపడితే కదా. అది కాదు ఇప్పుడు విషయం. పిల్ల పడుకుందా?”

“పడుకుంటోంది.”

“ఒకసారి చూసొస్తా.”

“వద్దు వద్దు. ఆ తలుపు కిర్రుమంటుంది. లేచిందంటే మళ్లీ నువ్వే ఎత్తుకుని తిరగాలి.”

“అయితే లేచాకే చూస్తాలే. నాకు మళ్లీ మూడింటికి లైవ్ ఉంది.”

“దేనిమీద?”

“పిల్లలతో గడపాల్సిన సమయం మీద.”

“మంచి విషయమే. ఇంద, పళ్లెం తీసుకో. ఈ నల్ల చిక్కుళ్లు కూడా వేసుకో.”

“అదిగో అమ్మా, వినపడుతోందా? నా రికార్డింగే. ఫోనంటే అంత భయపడేదానివి, ఎంత చక్కగా పెట్టావు. నువ్విక్కడ వంట చేసుకుంటున్నావు, అక్కడ ఫోను నీ బదులు జోకొడుతోంది. టెక్నాలజీ ఆడదానికి ఎంత విడుదలో చూడు.”

“ఆ... పెట్టాను.”

“కాస్త బొంగురుగా వస్తోందేం? స్పీకరు పోయినట్టుంది. కొత్తది పంపిస్తా.”

“ఎందుకు, బాగానే ఉంది. నాకలాగే ఇష్టం.”

“అసలు నీ గొంతే బొంగురమ్మా, ఏమనుకోకు. ఉయ్యాల పక్కన నేను పెట్టించిన ఫోన్లో రికార్డయింది మొదటిసారి విన్నప్పుడే అనుకున్నా, వయసు మీదపడి అమ్మ గొంతు ఇలా అయిపోయిందేంటని. మా ఎడిటింగ్ కుర్రాడి చేత సన్నం చేయించి, కొంచెం సాగదీయించి, సముద్రం హోరు కలిపించాను. చూశావా, ఆగింది. ఇదీ అసలు చోటు. ఈ నిశ్శబ్దం దగ్గర ఏడ్చేస్తారు జనం. దీన్ని తల్లి మౌనం అంటాను నేను. ఏడో పాఠం.”

“ఇప్పుడు విసురుకుంటారు.”

“ఎవరు?”

“ఎవరూ లేదు. ఉక్కగా ఉంది, ఆ విసనకర్ర ఇటివ్వు అంటున్నా. చిక్కుళ్లు బాగున్నాయా?”

“చాలా బాగున్నాయి. నీ చేతి రుచి ఎవరికొస్తుంది? సరే గానీ, దోన్యా చోలే నాకు ఫోన్ చేసింది.”

“ఏ చోలే, మన పక్కింటి చోలేనా? దానికి వేరే పనేముంది.”

“గురువారం గురువారం చౌకులో ఒకాయనతో డాన్సు చేస్తున్నావట. తెల్ల చొక్కా, తెల్ల టోపీ, వాకిలి చీపురంత మీసం.”

“చీపురంత ఏం కాదు.”

“అంటే నిజమేనన్నమాట.”

“డాన్సోన్‌కి ఊరంతా వస్తుంది. బ్యాండు వాయిస్తారు, ముసలీముతకా అందరూ ఆడతారు. నేనొక్కదాన్నేనా?”

“దాన్ని డాన్సంటారా అసలు? సగంసేపు ఆగిపోయి బ్యాండువాళ్ల మొహాలు చూస్తూ విసురుకోవడమేగా.”

“ఈ ఊళ్లో పుట్టి ఆ మాట అనకు. అలా ఆగడంలోనే ఉంది మజా. పేరుకైనా ఒక్కసారి నాతో రాలేదు నువ్వు.”

“మాట మార్చకు. పేరేంటి?”

“ఎవరి పేరు?”

“మీసం పేరు.”

“దోన్ అబుందియో. రేవులో క్రేను నడిపేవాడు. రిటైరయ్యాడు. భార్య పోయి చాలాకాలమైంది.”

“నీకు అరవై మూడేళ్లమ్మా.”

“ఆయనకి అరవై ఎనిమిది. నేనే చిన్నదాన్ని.”

“సిగ్గు లేదూ? నాన్నకి అన్నేళ్లు చాకిరీ చేసింది చాల్లేదా? ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసీ చేసీ నీ భుజం పోయింది. ఇప్పుడు ఇంకొకడి చొక్కాలా? నిన్ను వీటన్నిటి నుంచి బయటపడేద్దామని నేను చూస్తుంటే.”

“బయటపడెయ్యడమంటే నీ గదిలో కిటికీ పక్కన కూర్చుని నీ పిల్లని చూసుకోవడమా?”

“అది వేరు. అది ఆడదానికి ఆడది తోడుగా నిలబడటం.”

“రోజూ పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడాలా?”

“అమ్మా.”

“అడుగుతున్నా అంతే. ఆయన చొక్కాలు ఆయనే ఇస్త్రీ చేసుకుంటాడులే. నావి కూడా... నావి కూడా చేస్తానంటాడు, ఊరికే అంటాడు.”

“అందరూ మొదట్లో అలాగే అంటారు. పదకొండో పాఠంలో ఇలాంటివాళ్ల గురించే చెప్పాను. క్రేను తోలుకునే ముసలాడు, ఒంటరి ఆడది దొరికింది, ఇంట్లో చేరి పడి తిందామని చూస్తున్నాడు. ఆ మోటు చేతులతో నా పిల్లని ముట్టుకున్నాడంటే ఊరుకోను.”

“మెల్లగా మాట్లాడు.”

“ఎందుకు మెల్లగా? ఇన్నాళ్లూ ఆడవాళ్లని మెల్లగా మాట్లాడమనే కదా ఈ గతి పట్టించారు.”

“పిల్ల లేస్తుందే.”

“అతని గొంతు వింటే ఇంకా లేస్తుంది. నా చిట్టి రెనాత జడుసుకుంటుంది. వాడు ఈ గడప తొక్కడానికి వీల్లేదు, చెప్తున్నా. వాడు కావాలో, మేము కావాలో తేల్చుకో. రేపు పొద్దున బస్సుకి నువ్వు బయల్దేరకపోతే పిల్లని తీసుకుని నేను వెళ్లిపోతా.”

“తీసుకెళ్లి?”

“పెంచుకుంటా. దాని తల్లిని నేను.”

“నీ దగ్గర పడుకోదు కదే. పోయినసారి తీసుకెళ్లినప్పుడు ఏమైంది?”

“ఏమీ కాలేదు.”

“హసింతా.”

“ఏడ్చింది. తీసుకెళ్లినప్పటి నుంచి తిరిగొచ్చేదాకా ఏడుస్తూనే ఉంది. నీ నాదం పెట్టాను, కొత్త స్పీకర్లో పెట్టాను, అయినా ఆగలేదు. ఎక్కడెక్కడి పిల్లలో నా మాట నమ్మి పడుకుంటున్నారమ్మా, నా పిల్లే పడుకోదు. చివరికి ఫోను పక్కన పడేసి ఎత్తుకున్నా. నన్ను తోసేసి తలుపు వైపు చూసింది, ఎవరో రావాల్సినట్టు. నేను దాని అమ్మనేనా అనిపించింది. ఆ మాట ఏ పాఠంలో చెప్పుకోను నేను?”

“ఏడవకు. ఇంద, మంచినీళ్లు తాగు.”

“అందుకే నువ్వు కావాలి. స్టేజికి కాదు. స్టేజికి కూడా అనుకో. దానికి నీ గొంతు కావాలి, ఫోన్లోది కాదు, నిజంది. వస్తావా?”

“ఆ బియ్యం డబ్బా తియ్యి.”

“ఎందుకు?”

“తియ్యమన్నాను కదా. లోపల చెయ్యి పెట్టు. ఇంకా అడుక్కి.”

“ఇది... ఇది ఉయ్యాల పక్కన పెట్టమని నేనిచ్చిన ఫోను. ఇది బియ్యంలో ఏం చేస్తోంది?”

“నీ కూతురు నీళ్ల బకెట్లో పడేసింది. తడిసిన ఫోను బియ్యంలో పెడితే బాగవుతుందని చోలే చెప్పింది. బాగవలేదు.”

“ఎప్పుడు?”

“ఈస్టరు ముందు.”

“మరి లోపల పాడుతున్నదేంటి?”

“ఇప్పుడు పాడట్లేదుగా. విను.”

“అది మౌనం. ఏడో పాఠం.”

“మౌనం కాదే తల్లీ, అది పల్లవి. డాన్సోన్‌లో పల్లవి వచ్చినప్పుడల్లా ఆగాలి, ఆగి ఆడవాళ్లు విసురుకోవాలి. కూనిరాగం తీసినా సరే అక్కడ ఆగకుండా ఉండలేడు. ఆగి, పిల్లకి విసురుతాడు. తర్వాత మళ్లీ అందుకుంటాడు.”

“విసురుతాడా? ఎవరు?”

“నాకు పాట ఎక్కడొచ్చే? నువ్వు చంటిదానివిగా ఉన్నప్పుడు నేను నోరు తెరిస్తే ఇంకా గట్టిగా ఏడ్చేదానివి. చర్చిలో పాదరీ కూడా నన్ను పెదాలు మాత్రం కదపమన్నాడు.”

“అయితే ఆ గొంతు...”

“ఆయనదే. మొదటినుంచీ ఆయనదే. పిల్లకి పళ్లొచ్చినప్పుడు నేను ఎత్తుకుని తిరగలేక ఏడుస్తుంటే వచ్చి చేతుల్లోకి తీసుకున్నాడు. అప్పటినుంచి ఆ గొంతు లేకపోతే దానికి నిద్ర రాదు. ఆ చిక్కుళ్లు కూడా ఆయన వండినవే.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబుదామనే అనుకున్నా. నువ్వు ఫోన్ చేసి ‘అమ్మా, నీ గొంతు విని ఏడ్చేశాను, నువ్వు నాకు ఇన్నాళ్లూ అర్థం కాలేదు’ అన్నావు. పెద్దయ్యాక నువ్వు నాతో అంత మంచి మాట ఎప్పుడన్నావే? కాదని ఎలా అనను? అబద్ధమైనా బాగుంది, ఉంచేసుకున్నా.”

“అర్జెంటీనా అంతా... ఆ మొగుడు వదిలేసినావిడ... వీళ్లందరూ క్రేను డ్రైవరు గొంతు వింటూ పడుకుంటున్నారా?”

“పడుకుంటున్నారు కదా, పడుకోనీ.”

“తరతరాల ఆడవాళ్ల బాధ అన్నానమ్మా నేను.”

“ఆయనకి కూడా ఉందిలే బాధ. క్రేను ఎక్కీ ఎక్కీ మోకాళ్లు అరిగిపోయాయి. ముందు ఆ ఐదో పాఠం తీసెయ్, మీ ఆయన కాస్త నోరు తెరుస్తాడు.”

“ఇందాక నేనన్నవన్నీ... ఆయనకి వినపడ్డాయా?”

“మధ్యలో ఉన్నది చెక్క గోడే కదా.”

“మోటు చేతులు అన్నది కూడా?”

“పడి తినడం కూడా. అయినా పాట ఆపలేదు చూడు. పిల్ల పడుకునేదాకా ఆపడు.”

“ఇప్పుడేం చెయ్యనమ్మా? హాలు తీసుకున్నాం. తల్లులు వస్తున్నారు.”

“నన్నడిగితే నేనేం చెప్పను? గొంతు ఎవరిదో వాళ్లనే అడుగు. మర్యాదగా అడుగు.”

“దోన్ అబుందియో... గారూ?”

“మెల్లగా అమ్మాయ్. ఇప్పుడే కళ్లు మూసింది.”

“అమ్మా.”

“చెప్పు.”

“స్టేజి మీద ఆయనకి ముసుగు వేసి, నీ బట్టలు కట్టి కూర్చోబెడితే... నువ్వే అనుకుంటారు కదా. ఆయన ఆ మీసం తీసేస్తాడా?”

“తీయనివ్వను. ఈ వేలి గుడ్డ విప్పు, ఉంగరం చూద్దువుగాని. ఆ మీసం చూసే కదే పోయిన నెల పెళ్లి చేసుకున్నాను.”