అవ్వ గొంతు ఉండే డిస్కు

హలో… ఆ షర్మిళా, నేనే, తాతను. కంబైనల్లూరులో మన ఇంటి అంగడిలోనుంచే.

లేదు పాపా, బాగు కాలేదు. నువ్వు పెట్టిచ్చిపోయిన లినక్సు కంప్యూటరు పొద్దున్నుంచి మూలగతా ఉండాది, నా మాదిరే. ఒక్క అక్షరం కొడితే, అది తెర మీదికి వచ్చేలోపల నేను సేలం పోయి రావచ్చు…

బస్సులో కాదు, నడిచే.

ఎవరు ఎక్కువ తింటారో చూసేదానికి ‘టాప్’ అని కొట్టేదా?… ఆ, కొట్టినాను. అన్నిటికీ పైన మన అంగడి కెమెరా పేరు ఉండాది… అదే అంతా తింటా ఉండాదా? ఈ ఇంట్లో కూర్చోని తినేది నేనొక్కణ్ణే అనుకొంటిని.

పెట్టె మీద చెయ్యి పెట్టి చూసేదా?… అబ్బా! దోసె పెనం!

వెనక గాలి పోయే బొక్కలా? బొక్కలు యాడివి… ఆయుధపూజకు నేనే గదా చందనం మెత్తి, కుంకం పెట్టినాను. తక్కెడకు పెట్టి దీనికి పెట్టకుంటే అలగదా?…

నవ్వద్దు. గీకతా ఉండాను… ఆ, గాలి వచ్చె.

ఇంక డి, ఎఫ్… గీత… హెచ్… నూటికి నూరంట. డిస్కు నిండిపోయె.

ఏమి తుడిచేది?— నా కతలా? వద్దు!

అబద్దాలే, ఒప్పుకొంటాను. అయినా వద్దు…

విను పాపా. నేను కత చెప్పి రికార్డు చేసినప్పుడంతా మీ అవ్వ పక్కన కూర్చోని ‘అబద్దం! అబద్దం!’ అంటా ఉండె. పక్షవాతం కొట్టినాక నా అలమేలుకు నోట మాట లేదు. ఆ గొంతు ఇంక ఆ కతల్లోనే…

ఆ… సరి, సరి. ముక్కు తుడుచుకొని పని చెప్పు.

కెమెరా బొమ్మలు తుడిచేద్దాము. చింతపండు మీద ఈగలు వాలేది ఎవరు చూస్తారు?… పోయె.

డిస్కుకు దెబ్బ కూడా తగిలిందా?… మిషను నడిచేటప్పుడు రిపేరు చెయ్యకూడదా?… తెలుసులే. నడిచే ఎద్దుకు లాడం కొట్టరు, పడుకోబెట్టి కొట్టాల.

ముందు కతలు పెన్ డ్రైవులోకి… పోతా ఉండాయి… పోతా ఉండాయి… నిలిచిపోయె.

ఎర్రర్ అంట. ఒక్క కత మాత్రం రాలేదు…

మామిడిపండు కత. పెరియంపట్టి పండు దొర్లుకొంటా వచ్చి బస్సును నిలిపిందే, అది.

మళ్ళా చెప్తే ఏమా?… నాకేమి, ఈసారి రెండు బస్సులు నిలుపుతాను. ‘అబద్దం’ అనేదానికి మనిషి యాడుండాది?…

ఉండు. మీ అవ్వ మంచం పట్టెను లోటాతో కొడతా ఉండాది.

ఏమే, నీళ్లా?… తల అడ్డంగా ఆడిస్తా ఉండాది. కాదంట.

మరేమి, బస్సు కతా?… అబద్దమా?

…విన్నావా పాపా! ఇంకా గట్టిగా కొడతా ఉండాది!

రెండు బస్సులే! పక్కన ఒక లారీ కూడా!…

నువ్వు పెట్టెయ్, పెట్టెయ్. ఈ ఫోనులోనే రికార్డు చెయ్యాల, ఆ చెయ్యి నిలిచేలోపల—