బాలశౌరి గారి ఫ్రెంచి

"ఫ్రెంచా? అదెంతండీ మల్లేశ్వరరావు గారూ, ఇలా కూర్చోండి," అంటూ పటమటలో కరిముల్లా టీ కొట్టు ముందు బాలశౌరి ఎత్తుకున్నాడు. "మీ దుప్పట్ల మీద ఫాస్ట్ కలర్ అని వేసుకున్నారు, ఫోన్లో అనువాదానికి పెడితే ఫ్రెంచిలో అది తొందరగా పోయే రంగైంది, పారిస్‌లో మీ సరుకు కొనే ఆవిడ వద్దంటోంది, మీ పదకొండు మగ్గాలు ఆగిపోతాయి, అంతేగా? ఫాస్ట్ అంటే వేగం, ఫాస్ట్ అంటే ఉపవాసం, ఫాస్ట్ అంటే దిగని రంగు. ఫ్రెంచివాడు మూడింటికీ మూడు మాటలు పెట్టుకున్నాడు. ఏదెక్కడ వాడాలో తెలిసినోణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే."

సాయంత్రంలోగా ఆవిడకు జవాబు పంపాలని మల్లేశ్వరరావు గుర్తుచేశాడు.

"పంపుదాం, ముందిది వినండి. ఆమధ్య హనుమాన్ జంక్షన్లో బస్సు కోసం నిలబడితే, ఓ ఫ్రెంచాయన స్ప్రింగ్ అన్న మాట దగ్గర ఇరుక్కుని ఏడుస్తున్నాడు. వసంతమా, నీటి ఊటా, సోఫాలో స్ప్రింగా? విడగొట్టి చెప్పా, కాళ్ల మీద పడ్డాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వారం తిరక్కుండా పారిస్ నుంచి లారీ నిండా డిక్షనరీలు!"

"లారీ నిండానా?" అన్నాడు కరిముల్లా, టీ వడపోస్తూ.

"ఒక్క లారీ అయితే చెప్పుకోడం ఎందుకోయ్? జంక్షన్ నుంచి బెంజి సర్కిల్ దాకా బారు. సెట్ అన్న ఒక్క ఇంగ్లీషు మాటకే వందల అర్థాలు, రెండు లారీలు. టీ చల్లారేలోగా తేల్చేశా. కొన్ని అర్థాలకి ఫ్రెంచిలో మాటలే లేవు, పాపం, నేనే చేసిచ్చా. నేను తుమ్మితే అదీ రాసుకున్నారండీ, దానికి నాలుగర్థాలు. ఇప్పుడక్కడ పిల్లలకి పరీక్షల్లో నా తుమ్మే అడుగుతున్నారంట. దేశానికే నా పేరు పెడతామన్నారు, మనకెందుకులే అని నేనే వద్దన్నా."

మల్లేశ్వరరావు కాగితం, పెన్నూ ముందుకు జరిపాడు. "ఆ ఒక్క మాటా రాసివ్వండి, చాలు."

"రాయడమా? అబ్బే, కళ్లజోడు లేకుండా ఫ్రెంచి రాయకూడదండీ."

మల్లేశ్వరరావు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పారిస్ ఆవిడకి వీడియో కాల్ చేసి, ఫోన్ కరిముల్లా చేతికిచ్చాడు. సంచిలోంచి ఎర్ర దుప్పటి ముక్క తీసి, మరిగే నీళ్లలో ముంచి, పిండి, నేతవాళ్లు కొనేవాళ్ల ముందు చేసే పద్ధతిలో తెల్లగుడ్డ మీద రుద్దబోయాడు. దగ్గర్లో ఉన్న తెల్లగుడ్డ బాలశౌరి చొక్కా చెయ్యే.

"అయ్యో, మరకవుద్దండీ! నిన్న కొన్నది!" బాలశౌరి చెయ్యి లాక్కున్నాడు.

అప్పటికే మల్లేశ్వరరావు గట్టిగా నాలుగుసార్లు రుద్దేశాడు. చొక్కా తెల్లగానే ఉంది. ఫోన్లో ఆవిడ చప్పట్లు కొట్టి, సరుకు పంపమంది. మల్లేశ్వరరావు కళ్లు తుడుచుకున్నాడు.

కరిముల్లా బాలశౌరికి టీ అందిస్తూ మెల్లగా అన్నాడు: "దుప్పటి మరిగే నీళ్లకీ నిలబడిందండీ. మీ ఫ్రెంచే తడపకముందే వెలిసిపోయింది."