కుర్చీ తోసుకుంటూ నార్వే దాకా

ముసలి ఊబెలె నోరు తెరిస్తే బౌక్యె సూప్ కుండ మీద మూత పెట్టేస్తుంది. ఆయన కథ అయ్యేలోపు ఎంత సూపైనా చల్లారిపోతుందని ఫ్రీస్‌లాండ్‌లోని ఆ ఊరి జనానికంతా తెలుసు.

కాలవ ఏటా గడ్డకట్టదు. ఈ చలికాలం కట్టింది. కట్టగానే బౌక్యె ఐసు మీదనే చెక్కలు పరిచి, పైన గుడారం గుడ్డ లాగి, బఠాణీ సూపూ సోంపు పాలూ అమ్మే కొట్టు పెట్టేసింది. కానీ పొద్దుటి నుంచీ గాలి నైరుతికి తిరిగి వెచ్చబడింది. ఇక ఐసు ఈ ఒక్కరోజే. మధ్యాహ్నం ఊరంతా కలిసి కాలవ వెంట పక్క ఊరి దాకా స్కేట్ల మీద పోయి వస్తారు, దాన్నే యాత్ర అంటారు. చీకటి పడే ముందు కాలవ మూసేస్తారు.

లిసెట్ కొండప్రాంతం పిల్ల. లింబుర్గ్ నుంచి ఈ ఊరికి కోడలై వచ్చింది. కాలవ గడ్డకట్టిన ప్రతిసారీ భర్త యెల్మర్, అత్తా మామా, ఆడపడుచూ రివ్వున వెళ్ళిపోతారు. లిసెట్ గట్టు మీద కూర్చుని వాళ్ళ కోట్లూ బూట్లూ కాపలా కాస్తుంది. ఆమెను ఎవరూ తక్కువ చేసి మాట్లాడలేదు. "నువ్వున్నావు కాబట్టి మాకు నిశ్చింత" అని మెచ్చుకున్నారు కూడా. ఆ మెచ్చుకోలుకే ఆమెకు ఒళ్ళు మండింది. ఈసారి కాపలా మీరే చూసుకోండని పొద్దున్నే చెప్పేసి, ఆ ఊళ్ళో పసిపిల్లలు నేర్చుకున్నట్టే ఒక వంటింటి కుర్చీ పట్టుకుని ఐసు మీదికి దిగింది. కుర్చీ వీపు పట్టుకుని తోసుకుంటూ పోతే బాగానే పోతోంది. చెయ్యి తీస్తే మోకాళ్ళు బిగుసుకుపోతున్నాయి. కుర్చీతో వస్తానంటే యాత్రకి రానివ్వరు. ఇరుకు చోట్ల వెనక వచ్చేవాళ్ళు దాని మీద పడతారు.

అలా కుర్చీ తోసుకుంటూనే కొట్టు దగ్గరికొచ్చింది.

"తాతగారూ, ఒక్క ముక్క చెప్పండి. కుర్చీ ఎప్పుడు వదలాలి?"

ఊబెలె ఒకప్పుడు పడవ నడిపినవాడు. సోంపు పాల గ్లాసు రెండు చేతులా పట్టుకుని ఆమెను కిందనుంచి పైదాకా చూశాడు. "సరైన మనిషినే అడిగావు. ఆ చెక్క మీద కూర్చో."

"కూర్చునే టైము లేదండీ. ఇంకాసేపట్లో అందరూ బయల్దేరతారు."

"అయితే నిలబడే విను. నాకు అయిదేళ్ళు. మా అమ్మ నా బూట్లకి చెక్క స్కేట్లు తోలు పట్టీలతో బిగించి, చేతికి కుర్చీ ఇచ్చి, వీపు మీద ఒక్కటి చరిచి పొమ్మంది. మోకాళ్ళు వంచాను. ఇది విను అమ్మాయ్, మోకాళ్ళు వంచనివాడు ఎవడైనా వెల్లకిలా పడాల్సిందే. కాళ్ళ వంక చూసుకోలేదు, ఎదరికి చూశాను. కాలు వెనక్కి కాదు, పక్కకి తన్నాను. భోజనాల వేళకి వంతెన దాకా వెళ్ళిపోయాను."

"ఇంతవరకూ నమ్మొచ్చు," అన్నాడు విబె. ఆవులు పెంచుకునే రైతు, సూపులో రొట్టె ముంచుకుంటున్నాడు. "ఇక్కడ ఆపెయ్ బాబాయ్, పరువు దక్కుతుంది."

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? తూర్పు గాలి లేచింది. మా నాన్న పాత కోటు నాకు తొడిగిందేమో మా అమ్మ, అది తెరచాపలా విచ్చుకుంది. నేను తన్నడం మానేశాను, అయినా పోతున్నాను. పాల బండి గుర్రాన్ని దాటాను. గుర్రానికి సిగ్గేసి అక్కడే కూర్చుంది. స్కేట్ల కింది ఇనుప బ్లేళ్ళు ఎర్రగా కాలిపోయాయి. నా వెనక ఐసు కరిగి, ఆ నీళ్ళు మరిగి, మలుగు చేపలు ఉడికి పైకి ఎగురుతున్నాయి. గట్టు మీద ఆడవాళ్ళు పళ్ళేలూ ఆవపిండీ పట్టుకుని వరసగా నిలబడ్డారు."

"మా అమ్మ అయితే పళ్ళెం పట్టుకుని నిలబడ్డట్టు చెప్పలేదే," అంది బౌక్యె.

"మీ అమ్మకి చేప తల దొరికింది. తల దొరికినవాళ్ళు చెప్పుకోరు."

లిసెట్ ఒక కాలు పక్కకి తన్ని చూసింది. కుర్చీ సాఫీగా జారింది. ముసలాయన చెప్పిందాంట్లో పనికొచ్చేది ఉందనిపించింది. "తాతగారూ, అప్పుడు వదిలారా కుర్చీ?"

"అప్పుడెలా వదుల్తానమ్మా, వంతెన వచ్చేసింది. వంతెన కింద ఐసు పల్చన. తెలిసినవాడు గట్టెక్కి, అక్కడ పరిచిన చాప మీద స్కేట్లతోనే నడిచి అవతల దిగుతాడు. నాకు ఆగడం రాదుగా. మొదటిరోజు పోవడమే నేర్పుతారు. ఆగడం మర్నాడు. అందుకని ఎగిరాను. కుర్చీతో సహా వంతెన మీద నుంచి ఎగిరాను. పైన ఒక ఆవు నిలబడి ఉంది. అవతల దిగి చూసుకుంటే అది నా కుర్చీలో కూర్చుని ఉంది."

విబె చెంచా కింద పెట్టాడు. మలుగు చేపల దాకా ఊరుకున్నాడు గాని, ఆవు సంగతి వచ్చేసరికి ఊరుకోలేకపోయాడు. "చలికాలంలో ఆవు వంతెన మీద ఎందుకుంటుంది? కొట్టంలో కట్టేస్తాం కదా."

"నేనూ దాన్ని అదే అడిగాను. మొహం అటు తిప్పుకుంది."

"ఆవు కుర్చీలో ఎలా కూర్చుంటుంది?"

"కాలు మీద కాలేసుకుని. మధ్యలో మాటాడకురా విబె, నీ ఆవులకి పెంపకం లేకపోతే నేనేం చెయ్యను. ఇది మర్యాద తెలిసిన ఆవు. ఎదర ఎవరైనా అడ్డొస్తే అంబా అని దారి అడిగేది. దాని పాలు గాలికి గడ్డకట్టి జున్ను ముద్దలై దారి పొడుగునా పడ్డాయి. ఆ జున్ను ఏరుకుంటూ జనం నా వెనక పడ్డారు. యాత్ర అనేది అలాగే పుట్టింది."

"మా తాతల నాటి నుంచి ఉంది యాత్ర," అంది బౌక్యె.

"వాళ్ళు జున్ను లేకుండా చేసేవాళ్ళు. ఇంతలో సముద్రం వచ్చింది. మామూలుగా అయితే గడ్డకట్టదు. నన్ను చూసింది, ఆవుని చూసింది, నోరెత్తకుండా గడ్డకట్టుకుపోయింది. అలలు లేచినవి లేచినట్టే నిలబడిపోయాయి. ఒకదాని మీద ఎక్కడం, ఇంకోదాని మీద జారడం. దీపస్తంభం కాపలావాడు మమ్మల్ని ఓడ అనుకుని ఆవు పేరు రాసుకున్నాడు. నార్వేలో దిగేసరికి ఊరంతా రేవులో ఉంది. ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నావయ్యా అన్నారు. ఇవాళ పొద్దున్నే మొదలుపెట్టానన్నాను. అక్కడ స్కేటింగ్ నేర్పే పంతుళ్ళు ఆ పూటే ఉద్యోగాలు మానేశారు."

జనం పోగయ్యారు. యాత్రకి సిద్ధమైనవాళ్ళు కూడా స్కేట్ల పట్టీలు బిగించుకుంటూ వింటున్నారు. వాళ్ళలో యెల్మర్ ఉన్నాడు. లిసెట్ అతని వైపు చూడలేదు. కొట్టు ముందు ఐసు మీద పల్చగా నీళ్ళు తేలడం చూసింది.

"తాతగారూ, నార్వేలోనైనా వదిలారా?"

"ఆగమ్మా, ఇంకా ఉత్తర ధ్రువం ఉంది. దాని చుట్టూ ఒక చుట్టు తిరిగాను. నా వేగానికి భూమి కాస్త నెమ్మదించింది. ఆ రోజు మన చర్చి గడియారం ఆగి ఆగి కొట్టింది, కావాలంటే ఎవర్నైనా అడుగు. ఎలుగుబంట్లు తోవ ఇచ్చాయి. ఒక పిల్ల ఎలుగు ఏడిస్తే ఆవు పాలిచ్చి ఊరుకోబెట్టింది. అక్కణ్ణుంచి ఒకే ఒక్క తన్ను తన్నాను, పక్కకే, వెనక్కి కాదు. ఇంటి ముందు వచ్చి పడ్డాను. మా అమ్మ అప్పుడే సూపు వడ్డిస్తోంది. కుర్చీని బల్ల దగ్గరికి లాగి..."

"ఏ కుర్చీని?"

"అదే కుర్చీని."

"అంటే, దాన్ని తెచ్చేశారా ఇంటికి?"

"తేకపోతే? మా అమ్మ తంతుంది."

 లిసెట్ మళ్ళీ అడిగినప్పుడు గొంతులో వెటకారం లేదు. తెలుసుకోవాలనే అడిగింది. "వంతెన మీద వదల్లేదు. సముద్రం మీద వదల్లేదు. నార్వేలో, ధ్రువం దగ్గర కూడా వదల్లేదు. తాతగారూ, మీరు అసలు ఎప్పుడైనా కుర్చీ వదిలారా?"

కొట్టులో అందరూ ఊబెలె వైపు తిరిగారు. ఆయనను ఐసు మీద ఒంటరిగా జారగా ఎప్పుడు చూశామా అని ఎవరికి వాళ్ళు గుర్తు చేసుకోబోయారు. ఎవరికీ గుర్తు రాలేదు. 

ఊబెలె మెడ దాకా ఎర్రబడ్డాడు. "వదిలేస్తే ఆవు పడిపోదూ?" అన్నాడు.

చెక్కలు కదిలిపోయేటట్టు నవ్వారు. విబె కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు. లిసెట్ మాత్రం తన కుర్చీ వైపు చూసుకుంది. గడ్డి అల్లిక, ఒక పక్క తెగింది. అంతే.

"నా కుర్చీలో ఆవు లేదు తాతగారూ," అంది. దాన్ని రెండు చేతులా ఆయన వైపు నెట్టేసింది. కుర్చీ జారుకుంటూ పోయి ఆయన మోకాళ్ళకి తగిలి ఆగింది.

మోకాళ్ళు వంచింది. ఎదరికి చూసింది. పక్కకి తన్నింది. నాలుగు బారలు పోయి తుంటి మీద పడింది. యెల్మర్ చెయ్యి చాపాడు. "ఉండండి, లేస్తా," అని బోర్లా తిరిగి, చేతుల మీద ఆనుకుని లేచింది. యాత్ర కదిలింది. అందరికన్నా వెనక, ఒళ్ళంతా తడిసి, బాతులా అటూ ఇటూ ఊగుతూ లిసెట్ పోతోంది.

"పక్కకి," ఊబెలె కుర్చీ వీపు రెండు చేతులా పట్టుకుని గొంతు చించుకున్నాడు. "పక్కకి తన్ను అమ్మాయ్, వెనక్కి కాదు."

"మెల్లిగా ఊబెలె," అంది బౌక్యె, "ఆవు బెదురుతుంది."