రంగస్వామి చేన్లో బట్టమేక పిట్ట

రంగస్వామి నోరు తెరిచాడంటే టీకొట్టు ఫాతిమా బీ స్టవ్ మంట తగ్గించేస్తుంది. ఆయన మాట ముగిసేలోగా టీ ఇగిరిపోతుంది మరి! కానీ ఈ పొద్దు ఆమె ధ్యాసంతా రోడ్డు మీదే ఉంది. సోలార్ కంపెనీ మనిషి వస్తాడంట. రంగస్వామి చేనూ, దాన్నానుకుని ఉన్న తన మూడెకరాలూ కలిపి కౌలుకు తీసుకుంటే, కొడుకూ కోడలూ ఈ ఏడన్నా మిరపకోతలకని గుంటూరు పక్కకు పోకుండా కోసిగిలోనే ఉంటారు. ఆమెకు అంతకంటే ఏమీ వద్దు.

"నిన్న రోళ్లపాడు గడ్డిబీళ్లకు పోయొచ్చినాలేప్పా," అన్నాడు రంగస్వామి, బెంచీ మీద కాలు మడిచి కూచుంటూ. "బట్టమేక పిట్టను ఫోటో తీద్దామని. అల్లంత దూరంలో, గడ్డిలో, మెడ ఒక్కటే కనపడె. నేనేం గొప్పలు చెప్పుకోను. చూసినా, అంతే."

"అడివి శాఖోళ్లకే కనపడక శానా ఏండ్లాయె కదప్పా!" అన్నాడు ఆటో షబ్బీర్.

"వాళ్లకెట్ల కనపడ్తాది? ఖాకీ బట్టలంటే దానికి గిట్టదు. నేను తెల్లపంచె కట్టుకుని పోతి. గడ్డిలో బోర్లా పండుకుని ఫోన్ ఎత్తితి. ఆ తర్వాత ఏమైందో తెల్సునా? నడుచుకుంటా నా కాడికే వచ్చె! నా నడుమంత ఎత్తుండాది. కాదు కాదు, భుజం దాకా వస్తాది. మెడ తిప్పి నిలబడె, ఇట్లొకటి తీయి, అట్లొకటి తీయి అన్నట్టు. ఎండ దాని కండ్లల్లో పడ్తాంటే కొంచెం పక్కకు జరగమంటి."

"జరిగెనా?"

"జరగక! తెలుగు పిట్ట కదప్పా."

అందరూ నవ్వారు. బెంచీ చివర, హెల్మెట్ ఒళ్లో పెట్టుకున్న కొత్తాయన ఒక్కడే నవ్వలేదు. టీ తాగడం మరిచి వింటున్నాడు. అట్లాంటోడు దొరికితే రంగస్వామిని పట్టేదెవరు! పూర్తిగా అటు తిరిగి కూచున్నాడు.

"ఫోటోలైనాక మోటారుసైకిలెక్కితి. ఎమ్మిగనూరు దాటినాక చూస్తే నా మీద నీడ. ఎవరనుకున్యారు? అదే! నేను ఎనభైలో పోతాంటే అది తొంభైలో వస్తాది. మంత్రాలయంలో నేను దండం పెట్టుకునేకి నిలబడితే, అది మఠం చుట్టూ ప్రదక్షిణం చేసె. నేరుగా వచ్చి నా చేన్లో దిగె. ఈ పొద్దు తెల్లారి చూస్తే, మొగుడూ పెండ్లాం! ఎండెక్కేసరికి చుట్టపక్కాలు గూడా దిగినారు. గట్టు దాటి ఫాతిమా చేన్లోకీ పాయె. ఇంగ గుడ్లు! పుచ్చకాయలంత గుడ్లు! కాలు పెట్టేకి సందు లేదనుకో."

"నా చేన్లో కాపురం పెడితే బాడుగ ఎవరిస్తారన్నా?" అని ఫాతిమా బీ కూడా నవ్వింది.

కొత్తాయన గ్లాసు కింద పెట్టి ఫోన్ చేశాడు.

"సార్, కోసిగి చేన్లు ఆపేద్దాం. అవును సార్, బట్టమేక పిట్టలే. గుడ్లు కూడా పెట్టాయంట. చేను ఆసామే చెబుతున్నాడు. పక్క చేన్లో కూడా ఉన్నాయంట."

తర్వాత వీళ్ల వైపు తిరిగాడు. "నా పేరు భూపేష్ అన్నా. సోలార్ కంపెనీ నుంచి వచ్చినా. కరెంటు తీగలకు తగిలి ఆ పిట్టలు చచ్చిపోతాయి. అవి తిరిగే చోటు మాకొద్దు."

ఫాతిమా బీ టీ గిన్నె ఠక్కున కింద పెట్టింది. కొడుకు మూటాముల్లె సర్దుకుని గుంటూరు బండెక్కుతున్నట్టే అనిపించింది. ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"యా అల్లా! చెప్పన్నా, ఆ నోటితోనే చెప్పు! చూసినావా నువ్వు పిట్టను?"

రంగస్వామి లేచి భూపేష్ చెయ్యి పట్టుకున్నాడు. "లేదు సామీ. అంతా ఉత్తదే. పిట్టా లేదు, గుడ్లూ లేవు. నేను రోళ్లపాడే పోలే. నిన్నంతా ఎమ్మిగనూరు సంతలో ఉండా."

బుద్ధెరిగినాక నలుగురి ముందు ఆయన నిజం చెప్పడం అదే మొదలు.

భూపేష్ నవ్వి ఆయన భుజం తట్టాడు. "అర్థమైందన్నా. కౌలు పోతుందని దాస్తాండారు. కండ్లారా చూడకుండా అంత వివరంగా ఎవరైనా చెప్పగలరా? పిట్టల్ని మాత్రం జాగ్రత్తగా చూసుకోండి."

బండి తీసుకుని వెళ్లిపోయాడు. రంగస్వామి రోడ్డు దాకా వెంటబడి పిలిచినా ఆగలేదు. తిరిగొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు.

ఫాతిమా బీ స్టవ్ ఆర్పేసింది.

"ఇన్నేండ్లకు నీ మాట నమ్మేటోడు ఒక్కడు దొరికెనన్నా," అంది. "మా నసీబు కాకపోతే, వాడు సోలారాయనే కావాల్నా?"