చెంచమ్మ అలక చీర

చెంచమ్మకి ఆ పూట ఒక్కచోట కాలు నిలవలా. మాలకొండయ్య పెళ్లాం, పడమటీధిలో ఉండేది, నవ్వితే ఊరంతా ఇనపడేది, ఆమే. ఏమైందంటే, దూడప్పటి నుంచీ కుడితి పెట్టి పెంచుకున్న గేదె ఉండేది ఆమెకి. కలుపుకి పోయొచ్చేసరికి గుంజ కాడ గేదె లేదు. ఏదయ్యా అంటే, పక్కూరాయనకి అమ్మేశానన్నాడంట మొగుడు, తాపీగా బీడీ కాల్చుకుంటా. నన్నొక మాట అడగాల్నా లేదా అంటే, నిన్నడిగేదేందే అన్నాడంట. అంతే. కొంగు దోపింది, మా అమ్మకాడికి పోతన్నా, గేదె వొచ్చిందాకా ఈ గడప తొక్కను అని ఈధిలో అందరూ ఇనేట్టు చెప్పి బస్సెక్కిందనుకో. తీరా పోతే పుట్టింటికి తాళం. వాళ్లమ్మ తిరణాలకి పోయిందంట. చెంచమ్మ అరుగు మీద కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. ఎందుకొచ్చావే అని ఇరుగుపొరుగు అడుగుతుంటే చెప్పలేక, దీపాలేళకి అదే బస్సులో ఇంటికొచ్చేసింది. అక్కడే ఉండాల్సింది అంటారా? ఎక్కడుంటుందమ్మా, మీరైతే ఉంటారా?

ఇంక కాశింబీ సంగతి. చీరల మూట నెత్తినెట్టుకుని ఊరూరా తిరిగేది. మా ఊరి ఆడోళ్లకి అప్పుడొక పిచ్చి, పేరు లేని చీర కొనేవోళ్లు కాదు. రంగు బాగుండాల, అంచు బాగుండాల, అన్నిటికన్నా ముందు పేరుండాల. ఇదేంది కాశింబీ అంటే, ఇది జార్జెట్టమ్మా, ఇది షిఫాను, ఒంటిమీద నిలవదు జారతా ఉంటది, ఇదేమో డిజైనరు అనేది. డిజైనరంటే ఏందే? పట్నంలో ఎవరో కూర్చుని గీస్తారంటమ్మా. ఓహో అని తలలూపేవోళ్లు, అర్థమైనా కాకపోయినా. మర్నాడు పంపు కాడ "షిఫాను" అని చెప్పినావిడ నాగరికురాలు, "ఏదో చీరలే" అన్నావిడ మొద్దు. ఆ తడవ ఏమైందంటే, టౌన్లో కొట్టాయన అమ్ముడుపోని చీరలన్నీ కాశింబీకి అంటగట్టాడు. ఇటికరంగు, దాని మీద గీతలు అటు పోయి, ఇటు తిరిగి, మళ్లీ మొదటికే వొస్తా ఉంటయి. పేరేందో ఆయనకే తెలవదు. మూటిప్పంగానే పేరేంది, పేరేంది అని అందరూ మీద పడ్డారు. కాశింబీ ఒక చీర మడతిప్పి పట్టుకుంది. అప్పటికే చెంచమ్మ సంగతి నాలుగిళ్లలో ఇనుంది గదా, నోటికొచ్చినట్టు అనేసింది. ఇదా, ఇది చెంచమ్మ అలక! చూడండి, గీత పోయినట్టే పోయి ఎట్టా తిరిగొచ్చిందో! నవ్వలేక పొట్టలు పట్టుకున్నారు. పొద్దుగూకేసరికి మూట ఖాళీ. ఆ తర్వాత ఇంకో రెండు మూటలు తెచ్చి అదే పేరుతో ఊరూరా అమ్మింది.

చెంచమ్మకి ఎవరు చెప్తారు? పంపు కాడికి పోతే ముగ్గురు ఒకటే చీరలో ఉన్నారు. ఏం చీరే అది, బాగుందే, అందంట పాపం. వాళ్లు మూతులకి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. చివరికి ఒకత్తి చెప్పింది. చెంచమ్మ బిందె అక్కడే వొదిలేసి కాశింబీ ఇంటికి ఉరికింది. కాశింబీ అక్కా, నీకేం అపకారం చేశాను, ఆ పేరు తీసెయ్యి అని ఏడ్చింది. ఎట్టా తీసేదమ్మా, నా నోట్లో ఉంటేగా, ఊళ్లో పడింది, అని కాశింబీ కూడా ఏడ్చింది. అప్పట్నించి చెంచమ్మకి ఇంట్లో ఉంటే మొగుడి మొహం చూడబుద్ధికాదు, బయటికొస్తే ఆ గీతలు. పొయ్యి మీద ఎసరు పెట్టి గుమ్మంలోకొచ్చేది, గుమ్మంలోంచి ఖాళీ గుంజ కాడికి పోయేది, ఆణ్ణించి లోపలికి. ఆమె నవ్వినిపించక మా ఈధి బోసిపోయింది, నిజంగా చెప్తన్నా.

అట్టా ఉండంగా మొగుడూ పెళ్లాం ఎక్కడో దూరపూళ్లో చుట్టాల పెళ్లికి పోయారు. పందిట్లో ఒకావిడ అదే చీర కట్టుకుని, మూతి బిగించి కూర్చోనుంది. చెంచమ్మ చూసింది. లేచి పోదామనుకుంది, పోలేకపోయింది. అక్కా, ఈ చీర పేరేంది అని అడిగింది. చెంచమ్మ అలక, తెలవదా, అందావిడ. మా ఊళ్లో ఇది ఊరికే కట్టుకోరమ్మా, మొగుడు అడక్కుండా పని చేస్తే కడతారు. ఇది కట్టామంటే కూడు పెడతాం గానీ మాట పెట్టం. ఎవరక్కా ఆ చెంచమ్మ? ఎవరో మహాతల్లి, గేదెనమ్మితే ఊరంతా ఇనేట్టు అడిగి ఇల్లు దాటిందంట. చెంచమ్మ అడిగిందంట, ఆ పూటే తిరిగొచ్చిందంట గదా అని. ఆవిడ కోపంగా చూసింది. రాదా మరి? ఆ ఇల్లు ఆమెది గాదా? మనిషి తిరిగొస్తే అలక పోయినట్టా?

ఇంటికి రాంగానే చెంచమ్మ కాళ్లన్నా కడుక్కోకుండా కాశింబీ కాడికి పోయింది. కొట్టడానికొచ్చిందేమోనని కాశింబీ తలుపు చాటుకి పోతే, అక్కా, నా చీర నాకియ్యి అందంట. కట్టుకుని అరుగు మీద కూర్చుంది. మాలకొండయ్య చూసి, నీ చీర నువ్వే కట్టావా అని పగలబడి నవ్వాడు. పలకలా. అన్నం పెట్టింది, పలకలా. ఎదురింటావిడ తొంగి చూసి లోపలికి పోయింది. మళ్లొచ్చేసరికి ఆమె ఒంటి మీదా ఇటికరంగే. వొచ్చి చెంచమ్మ పక్కన కూర్చుంది. ఆ తర్వాత ఇంకొకత్తి. పంపు కాడ నవ్వినోళ్లే, అంతా వొచ్చి అరుగు నిండా కూర్చున్నారు. ఒక్కత్తీ మాట్లాడదు. ఇప్పుడు మాలకొండయ్య వొంతు. లోపలికి పోతాడు, బయటికొస్తాడు, బీడీ ఎలిగిస్తాడు, పారేస్తాడు. ఏందే మీ గోల అని అరిచాడు. ఎవరూ ఉలకలా పలకలా. చివరికి తువ్వాలు దులిపి భుజానేసుకుని పక్కూరికి బయల్దేరాడు.

గేదెని కొన్నాయన ముందు ఇయ్యనన్నాడంట. అప్పుడు లోపల్నించి ఆయన పెళ్లాం ఇటికరంగు చీరలో వొచ్చి గడప మీద నిలబడిందంట. ఇంక డబ్బు ఎనక్కి తీసుకుని గేదె పలుపు మాలకొండయ్య చేతికిచ్చాడు.

ఇప్పుడు టీవీలో చీరలకి ఏమేమో పేర్లు చెప్తన్నారు, నాకు ఒక్కటీ నోరు తిరగదు, ఆ ఒక్క పేరే వొచ్చు. మొన్న మా కోడలి పెట్టెలో అడుగున అట్టాంటి ఇటికరంగు చీరే ఒకటి మడిచి పెట్టుంది. మీ అబ్బాయికి చెప్పావా అంటారా? నేనెందుకు చెప్తాను!