వంకర ఇంటిని తిన్నగా గీశాను

“అమ్మమ్మా, నువ్వు యూనిలో ఫెయిలయ్యావంట! ట్రూనా?”

ఎవరు చెప్పారే? మీ అమ్మేనా? దాని నోట్లో నువ్వుగింజ నానదు. అయ్యాను, అయితే ఏంటి? గొప్పగా ఫెయిలయ్యాను, క్లాసంతా చూస్తుండగా. ఇలా కూర్చో. ఆఁ, ఫోన్లో రికార్డు చేస్తున్నావా, చేసుకో.

అప్పటికి మెల్‌బోర్న్ వచ్చి ఏడాది కాలేదు. మనముండే ఈ క్రాన్‌బర్న్ పేట అప్పుడు ఇలా ఉందా ఏంటి, గుర్రాలూ గడ్డీను. స్కాలర్‌షిప్పు మీద ఆర్కిటెక్చర్ చదువు. ఒక్క సబ్జెక్టు పోయినా స్కాలర్‌షిప్పు కట్, మళ్ళీ నరసాపురమే. మా మాస్టారు ఎర్రగడ్డం ఆయన. ఇంగ్లండులో పాత కర్రల ఇల్లొకటి కొలిచి, ఆ కొలతలన్నీ పట్టుకొచ్చాడు. నాలుగొందల ఏళ్ళ ఇల్లంట. ఓక్ కర్ర స్తంభాలూ దూలాలూ, మధ్యలో గడులకి తడికలల్లి మట్టి మెత్తడం. మన పూరింటి గోడే గదే! దానికి వీళ్ళ మురిపెం చూడాలి. సరే, ఈ కొలతల్తో ఇల్లు గీయండి అన్నాడు.

చూద్దును గదా, స్తంభం పైన ఒక లెక్క, కింద ఒక లెక్క. గది ఈ పక్క పదకొండు అడుగులు, ఆ పక్క పది... కాదు, పదీ చిల్లర. పై అంతస్తు వీధిలోకి పొడుచుకొచ్చింది. ఓరి దేవుడా, ఈయనకి టేపు పట్టడం రాదనుకున్నాను. మరి మాస్టారి తప్పు నలుగురిలో ఎత్తి చూపిస్తామా? మన పెంపకం అది కాదు గదా. గుట్టుచప్పుడు కాకుండా దిద్దేశాను. స్తంభాలు నిటారుగా నిలబెట్టాను, పై అంతస్తు లోపలికి తోశాను. వీధి గుమ్మం కూడా జరిపాను. మనం క్రిస్టియన్లమే గానీ, వాస్తు దగ్గర మా నాన్న రాజీ పడేవాడు కాదు.

మేం గీసినవన్నీ గోడకి తగిలించారు. అందరివీ వంకర ఇళ్ళే, నాదొక్కటే పంచాయతీ ఆఫీసులా ఉంది. “నా ఇల్లేదమ్మా?” అన్నాడాయన. నేను మెల్లిగా, పాపం ఆయన పరువు పోకుండా, “మీ కొలతల్లో తప్పులు దిద్దాను సార్” అన్నాను. ఇంక చూస్కో నవ్వులు. ఆ ఇల్లు నిజంగానే అంత వంకరేనంట! సున్నా వేశాడు.

ఆ ఇల్లు అంత వంగీ ఎందుకు పడిపోలేదో వారంలో వచ్చి చెప్పు, పాస్ చేస్తానన్నాడు. లైబ్రరీ పుస్తకాల నిండా అందమనీ చరిత్రనీ ఊదరే తప్ప అసలు సంగతి లేదు. ఉట్టినే అతుకుల బొమ్మలు చూస్తున్నాను. ఒక కర్రని నాలుకలా చెక్కి, రెండో కర్రలో బెజ్జం తొలిచి, దాన్లో దూర్చి అడ్డంగా కొయ్యచీల దిగ్గొట్టారు. ఇనప మేకన్నది లేదు. ఇది మా నాన్న పనే గదా!

నేనేమో అక్కడ అందరికీ మా నాన్న కాంట్రాక్టరని చెప్పుకున్నాను. ఆయన చర్చి బల్లలూ గుమ్మాలూ చేసే వడ్రంగే. సిగ్గుపడ్డానే. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుద్ది.

మాస్టారి ముందు కూర్చుని చెప్పేశాను. “పచ్చి కర్రతో కట్టారు సార్. ఎండేకొద్దీ మెలి తిరిగింది. చీలలు గట్టిగా దిగ్గొట్టారు గనక ఇల్లంతా కలిసి వంగింది గాని అతుకు ఊడలేదు.” ఇది ఏ పుస్తకంలో ఉందన్నాడు. “పుస్తకం కాదు సార్, మా నాన్న వడ్రంగి.” ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని ఇంకా చెప్పమన్నాడు. ఆ పూటంతా నేనే మాస్టార్ని. పాసయ్యాను.

ఇంటికి ఉన్నదున్నట్టు ఉత్తరం రాశాను. మా నాన్నకి చదువు రాదు, పాస్టరు గారి చేత చదివించుకున్నాడు. అక్కడితో ఆగాడా? ఆదివారం చర్చిలో అందరూ సాక్ష్యాలు చెప్పేటప్పుడు లేచి, సంఘం ముందు మళ్ళీ చదవమన్నాడంట. పాస్టరు గారు మొహమాటపడి కాంట్రాక్టరు ముక్క దాటేస్తుంటే, “అదీ చదవండయ్యా. అది చదవకపోతే, మా నాన్న వడ్రంగని చెప్పడం దానికి ఎంత కష్టమైందో వీళ్ళకేం తెలుస్తది?” అన్నాడంట.

ఏంటే, ఆ మొహం అలా పెట్టావు? నువ్వు కూడానా? ఎన్ని సబ్జెక్టులూ... రెండా? ఓసి నీ దుంప తెగ. ఇలా రా. దేవుడు నిన్ను చల్లగా చూస్తాడు గాని, ఏడవకు. మీ అమ్మకి నేను చెప్తాలే.