తౌనో ఇంటి బర్చ్ చెట్టు, ఎస్కో కోతలు

ఎస్కోకి రెండు రకాల కోతలు వచ్చు. చెట్టు మీదుంటే కొమ్మలు కోస్తాడు, కాఫీ బల్ల దగ్గర కూర్చుంటే మిగతావి. మొదటి పనిలో ఆ చుట్టుపక్కల అతనంత జాగ్రత్తపరుడు లేడు. రెండో పనిలో అతనికి పగ్గాల్లేవు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో ఐలాకి ఇన్నేళ్ళయినా అంతుబట్టలేదు. చెట్టు కింద నిలబడి అతని తాడు పట్టుకునేది ఆమే. పైనున్న మనిషి ప్రాణం కిందున్న మనిషి చేతుల్లో ఉండే పని అది. ఎస్కో గురించి తనకంటే ఐలాకే ఎక్కువ తెలుసని అతని భార్య కూడా ఒప్పుకునేది.

ఫిన్లాండ్ ఉత్తరాన, కుహ్మో వెళ్ళే దారిలో సోయిలి పెట్రోల్ బంకు ఉంది. శనివారాలు ఊళ్ళో వాళ్ళంతా అక్కడే కాఫీ తాగుతారు. ఆ శనివారం బయట మైనస్ ఇరవై ఎనిమిది. మధ్యాహ్నం దాటగానే పొద్దు వాలిపోయింది. సోయిలి యాలకుల బన్నులు పళ్ళెంలో తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. పాల లారీ నడిపే ఒన్ని ఒక బన్ను తుంచుకుంటూ, "ఈ చలికి మీకు పనుండదు కదా ఎస్కో, హాయి" అన్నాడు.

అంతే, తలుపు తీసిపెట్టినట్టయింది.

"పనెందుకుండదయ్యా, చర్చి వెనక పైన్ చెట్టు దించింది మైనస్ ముప్ఫైలో కాదూ. ఐలా ఉంది, అడుగు" అన్నాడు ఎస్కో.

ఐలా కప్పులోకి చూసింది. అది వాళ్ళిద్దరి మధ్య ఏనాటి నుంచో నడుస్తున్న ఒప్పందం. ఆమె అవుననదు, కాదనదు.

"పొద్దున్నే వెళ్ళాం. పైకి తాడు విసిరాను. కొమ్మ మీంచి పడి కిందికి దిగాలి కదా, దిగలేదు. గాల్లోనే బిగుసుకుపోయి ఇనుప గడలా నిటారుగా నిలబడిపోయింది. సరే, ఇదీ ఒకందుకు మంచిదేలే అనుకుని ఆ గడ పట్టుకుని పాకేశాను. సగం దూరం పోయాక కాస్త కాఫీ తాగుదామనిపించింది. కప్పు పెట్టుకోడానికి చోటేదీ? ఊపిరి ఒక్కటి గట్టిగా వదిలాను, అది నా ముందు అరుగులా గడ్డకట్టింది. దాని మీద కప్పు పెట్టుకున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కాఫీ కూడా గడ్డకట్టింది" అంది సోయిలి కౌంటర్ వెనకనుంచి.

"కట్టకుండా ఉంటుందా. కొరుక్కు తిన్నాను."

ఒన్ని నవ్వుతూ బన్ను ఇంకోటి తీసుకున్నాడు. ఎస్కో చెబుతుంటే బన్నులు బాగా అమ్ముడుపోతాయని సోయిలి అతనికి రెండో కప్పు ఊరికే పోస్తుంది. అబద్ధమని తెలిసినా వినబుద్ధయ్యేలా చెప్పడం అందరికీ వచ్చే విద్య కాదు మరి.

అప్పుడు గోడవారగా కూర్చున్న తౌనో నోరు విప్పాడు. "ఆ చలిలో చెట్టెక్కే బూట్ల ముళ్ళు మానులోకి దిగాయా?"

తౌనో బడి బస్సు నడిపి రిటైరైన మనిషి. ఎదుటివాళ్ళు చెప్పింది వినడమే తప్ప తానుగా మాట్లాడేది తక్కువ. తోలు టోపీ ఒళ్ళో పెట్టుకుని అంతసేపూ ఎస్కోనే చూస్తున్నాడు.

"వెన్నలో దిగినట్టు దిగాయి" అన్నాడు ఎస్కో.

ఐలా కప్పు కింద పెట్టింది. వినోదానికి అడిగే మనిషి అలా అడగడు. "ఎందుకడుగుతున్నావు తౌనో?"

"రేపు మా బర్చ్ ఎక్కుదామని. ముళ్ళు అల్లుడి దగ్గర తెచ్చుకున్నా. రంపం మొన్ననే కొన్నా." ఒళ్ళో టోపీ సర్దుకుని, "నువ్వు ఏమీ అనుకోకు ఐలా. నీకు ఫోన్ చేస్తే చలి తగ్గాక వస్తామన్నావు. ఆ చెట్టు సరిగ్గా మా పడకగది మీదికి వాలి ఉంది. కొమ్మల మీద మంచు పేరుకుపోయింది, రాత్రుళ్ళు కిర్రుమంటోంది. మా ఆవిడ హిల్కా వారం నుంచి వంటింట్లో కుర్చీలో కూర్చునే నిద్రపోతోంది. చర్చి చెట్టుకి ముప్ఫైలో వెళ్ళినవాళ్ళు మా ఇంటికి ఎందుకు రారు అని నేనడగను. నేనే ఎక్కుతాను. చెయ్యొచ్చని తెలిస్తే చాలు."

ఎస్కో మొహంలో నవ్వు అలాగే ఉంది కానీ అతని ఎడమ చేతి బొటనవేలు కప్పు అంచుని రుద్దడం మొదలెట్టింది. చెట్టు మీద ఏదైనా తేడాగా అనిపిస్తే ఆ వేలు తాడుని అలాగే రుద్దుతుంది. కింద నిలబడి ఐలా ఎన్నోసార్లు చూసింది. ఇప్పుడు నిజం చెప్పేస్తాడు అనుకుంది.

"ముప్ఫై అన్నానా?" అన్నాడు ఎస్కో. "నోరు జారాను. నలభై ఎనిమిది ఆ రోజు."

ఒన్ని ఈల వేశాడు.

"నలభై ఎనిమిదిలో మోటారు రంపం పొగ పైకి పోదు తౌనో, గొట్టంలోంచి వచ్చింది వచ్చినట్టే స్తంభంలా గడ్డకడుతుంది. నేను కాలు నొప్పెడితే దాని మీద కాలు పెట్టుకుని కోశాను. ఇది మామూలు మనుషులు చేసే పనంటావా, నువ్వే చెప్పు. నువ్వు నమ్ముతావా అసలు?"

తౌనో తీవ్రంగా ఆలోచించాడు. "నీ మాటల్లో సగం తీసేసి వినాలని హిల్కా ఎప్పుడూ చెబుతుంది. నలభై ఎనిమిదిలో సగం ఇరవై నాలుగు. రేపు పొద్దుటికి ఇరవై నాలుగుకే వస్తుందని రేడియోలో చెప్పారు. అయితే పరవాలేదు."

ఐలాకి నవ్వు రాబోయి ఆగిపోయింది. ఎస్కో నుదుటి మీద చెమట పట్టడం ఆమె చూసింది. పాపం, జన్మలో మొదటిసారి ఆ మనిషి తన మాట ఎవరూ నమ్మకూడదని కోరుకుంటున్నాడు. అందుకు అతనికి తెలిసిన దారి ఒక్కటే, ఇంకా పెద్ద అబద్ధం చెప్పడం.

"అసలు యాభై ఎనిమిది" అన్నాడు గొంతు పెంచి. "చెబితే జనం భయపడతారని తగ్గించి చెప్పా. కొమ్మ కోశాను, పడలేదు. గాలి అంత చిక్కబడింది. మళ్ళీ ఆ కొమ్మ కింద గాలిని కూడా రంపంతో కోయాల్సొచ్చింది, ముక్కలు ముక్కలుగా. ఈలోగా మాను నిలువునా రెండుగా చీలింది, ఒక కాలు ఈ సగం మీద, ఒక కాలు ఆ సగం మీద. నడుం పట్టీ విప్పి రెండు సగాలకీ చుట్టి, పళ్ళతో బిగించి దగ్గరికి లాక్కొచ్చాను. పట్టీ విప్పాను కనక పడిపోయాను. పాతిక మీటర్లు. ఆ చలిలో పడటానిక్కూడా ఒళ్ళు బద్ధకమే కదా, పొద్దున పడ్డవాణ్ణి భోజనాల వేళకి నేల మీదికొచ్చాను. దారిలో ఒక కునుకు కూడా తీశాను. దీనికేమంటావు తౌనో, ఇది జరిగే పనేనా?"

సోయిలి కళ్ళు తుడుచుకుంటోంది. ఒన్ని బల్ల మీద తల పెట్టేసి నవ్వుతున్నాడు. తౌనో ఒక్కడే నవ్వలేదు.

"సగం తీసేసినా, పడ్డాక లేచావు" అన్నాడు. "నాకు ఆ మాట చాలు." టోపీ చెవుల మీదికి లాక్కుని లేచాడు.

ఎస్కో నోరు తెరిచి ఐలా వైపు చూశాడు. ఇంకెంత దూరం వెళ్ళాలో తెలియని చూపు అది.

"కూర్చో తౌనో" అంది ఐలా. ఆమె గొంతు పెంచలేదు కానీ ఒన్ని తలెత్తాడు. "సగం కాదు, మొత్తం తీసేయి. చర్చి చెట్టు ఎస్కో ఎక్కలేదు."

ఐలా తన పక్కనున్న కుర్చీ తౌనో వైపు జరిపింది.

"మైనస్ పదిహేను దాటితే ఈ మనిషి ఏ చెట్టూ ఎక్కడు. నేను తాడు పట్టిన ఇన్నేళ్ళలో ఒక్కసారి ఎక్కలేదు. పొద్దున్నే ఫోన్ చేసి, ఐలా, ఇవాళ పొయ్యి దగ్గర కూర్చో అంటాడు, నా కూలి మాత్రం ఇస్తాడు. చర్చికి వెళ్ళిన మాట నిజం. చెట్టు చుట్టూ తిరిగాడు, గొడ్డలి వెనకతో మాను మీద కొట్టి చెవి పెట్టి విన్నాడు. పాస్టరుగారు ఆదివారం ప్రార్థనకి జనం వస్తారు, ఎలాగైనా ఇవాళే దించమని పట్టుబట్టారు. మా అమ్మ చెప్పినా ఎక్కను అన్నాడు ఎస్కో. చెట్టు కింది వెనక దారికి అడ్డంగా తాడు కట్టి, జనాన్ని ముందు తలుపులోంచి పంపమని చెప్పి ఇంటికొచ్చేశాం. రెండు రోజులకి ఆ మాను దానంతటదే చీలి పడింది. తుపాకి పేలినట్టయిందట. కింద ఎవరూ లేరు. మేం ఎవరిళ్ళలో వాళ్ళం బఠాణీ సూప్ తాగుతున్నాం."

తౌనో నిలబడే ఉన్నాడు.

"ముళ్ళు గడ్డకట్టిన మానులో దిగవు" అంది ఆమె. "జారతాయి. తాడు గడలా నిలబడదు కానీ మంచు పట్టిందంటే ముడి నిలవదు. కొమ్మ వంగాల్సిన చోట వంగకుండా గాజులా పుటుక్కుమంటుంది, ఎటు పడుతుందో నీకు తెలియదు. వేళ్ళు ముందే మొద్దుబారి ఉంటాయి. ఈ బల్ల దగ్గర ఎస్కో వేళ్ళు లెక్కపెట్టుకో. ఈ పనిలో ఇన్నేళ్ళున్నవాళ్ళకి పదీ ఉండటం నేను ఇంకెక్కడా చూడలేదు."

ఎస్కో చెవులు ఎర్రబడ్డాయి. చేతులు తెలియకుండానే బల్ల కిందికి పోయాయి. అన్నేళ్ళ శనివారాల పేరు ఒక్క గుక్కలో పోయినట్టుంది అతనికి. ఒన్ని మాత్రం నవ్వు మానేసి, అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నాడు.

"మరి హిల్కా?" అన్నాడు తౌనో చివరికి. అంతసేపూ అతని మనసులో ఉన్నది ఆ ఒక్క మాటే.

ఎస్కో లేచాడు. "మంచం అంతా ఒకే ముక్కా, విడదీయొచ్చా?"

"ఏంటీ?"

"మీ మంచమయ్యా. ముందు గదిలోకి మార్చేద్దాం. ఆ పక్కకి చెట్టు అందదు, నేను చూశాను, దారిన పోయినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. ఒన్ని, నువ్వూ రా. చలి తగ్గిన రోజు మొదటి పని నీదే తౌనో. అప్పటిదాకా పడకగదికి తాళం వేసి, తాళంచెవి ఐలాకివ్వు. నువ్వు నమ్మదగ్గ మనిషివి కావు."

తౌనో మొహం మొదటిసారి కొంచెం సడలింది. సోయిలి మిగిలిన బన్నులు కాగితంలో చుట్టి హిల్కాకివ్వమని ఇచ్చింది. నలుగురూ వెళ్ళి మంచం విడదీసి, మోసి, మళ్ళీ బిగించారు. హిల్కా తలగడ పెట్టుకుని అలా ఒరిగిందో లేదో నిద్రపోయింది. వాళ్ళు బూట్లు చేత్తో పట్టుకుని మెల్లగా బయటికొచ్చి, గుమ్మంలో తొడుక్కున్నారు. ట్రక్కు ఎక్కుతూ ఎస్కో, "యాభై ఎనిమిది కొంచెం ఎక్కువైంది కదూ" అన్నాడు. "గాలిని కోయడం బావుంది" అంది ఐలా.

మార్చిలో చలి విరిగింది. మైనస్ నాలుగు, ఎండ, గాలి లేదు. ఎస్కో రెండు తాళ్ళు కట్టుకుని, ప్రతి ముడీ లాగి చూసుకుని, పిల్లి నడిచినట్టు బర్చ్ ఎక్కాడు. కింద ఐలా తాడు పట్టింది. పెద్ద కొమ్మలు ఒక్కొక్కటే కట్టి మెత్తగా దించారు. పై కొమ్మ మొదట్లో, ఎవరైనా తాడు వేసుకునే చోటే, బెరడు కింద మాను కుళ్ళి డొల్లగా ఉంది. బయటికి ఏమీ కనిపించదు. ఎస్కో తన తాడు దానికి వేయలేదు. ఎందుకు వేయలేదంటే కొట్టినప్పుడు శబ్దం నచ్చలేదన్నాడు. ఇంటి పైకప్పు మీద పెంకు కూడా కదలకుండా పని ముగిసింది. కిందికి దిగాక తౌనో అతని చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

తర్వాతి శనివారం బంకులో ఇద్దరు కొత్తవాళ్ళు కూర్చుని ఉన్నారు, చేపలు పట్టడానికి దక్షిణం నుంచి వచ్చినవాళ్ళు. ఆశ్చర్యమేమిటంటే వాళ్ళ ముందు చేతులూపుతూ మాట్లాడుతున్నది తౌనో.

"ఆ డొల్ల ఎంతుందనుకున్నారు? అందులో ఎలుగుబంటి పడుకుని ఉంది, పిల్లలతో సహా. ఎస్కో దాన్ని లేపకుండా చుట్టూ మాను కోసేసి, ఎలుగుబంటిని కొమ్మతో పాటే తాడు కట్టి కిందికి దించాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

పక్క బల్ల దగ్గర ఎస్కో కదిలాడు. "ఎలుగుబంటి ఏమీ లేదు తౌనో" అన్నాడు. "డొల్ల పిడికిలంత. మనిషిని పడేయడానికి పిడికిలంతే చాలు."

ఒన్ని బన్ను నోటిదాకా తెచ్చి ఆపేశాడు. ఐలా వైపు వంగి గొంతు తగ్గించి అడిగాడు.

"ఒంట్లో బాలేదా ఏంటి ఇతనికి?"